విడుపు

జోగారావును గాజు గదిలోకి మార్చి నూట ఆరు రోజులైంది. ఆ నూట ఆరు రోజుల్లో నూకరత్నం మొగుణ్ని ఒక్కసారి కూడా ఒట్టి చేత్తో తాకలేదు.

అందులో ఆసుపత్రివాళ్ళ తప్పేమీ లేదు. ఆ ఏడాదికి ఆయనకు సోకిన రకం సూక్ష్మజీవుల మీద పనిచేసే మందు ప్రపంచంలో ఎక్కడా మిగల్లేదు. అవి సోకినవాళ్ళను విడిగా ఉంచి పక్కవాళ్ళకు అంటకుండా చూడడం ఒక్కటే వైద్యుల చేతిలో ఉంది. కొండవాలున ఉన్న ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో వరసగా గాజు గదులు కట్టారు. సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా గాజుకు ఇవతల స్టూలు మీద కూర్చుని, గోడకు తగిలించిన ఫోనులో మాట్లాడుకోవచ్చు. వారానికొకసారి మాత్రం, నెత్తి నుంచి పాదాల దాకా తొడుగు వేసుకుంటే పావుగంట లోపలికి వెళ్ళనిస్తారు.

జోగారావు విశాఖ రేవులో టగ్ మాస్టరు. సముద్రంలోంచి వచ్చే పెద్ద ఓడలకు మోకు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవకు ఆయన నాయకుడు. ఒకనాడు బిగిసిన మోకు తెగి తొడను కొట్టింది. ఎముక రెండు ముక్కలైంది. స్టీలు రాడ్డు వేశారు. ఎముక చక్కగానే అతుక్కుంది. మూడో నెలలో కుట్ల దగ్గర చీము మొదలైంది.

"రాడ్డు మీద పాచి పట్టింది బావా," అని రత్నం చెప్పినప్పుడు ఆయన నవ్వాడు.

"ఓడ అడుగున పట్టే పాచి నాకు తెలీదేటే? ఒడ్డుకెక్కించి గోకించీడమే."

"గోకేరు. రాడ్డే తీసీసేరు. అప్పటికే అది ఎముకలోకి దిగిపోయింది. ఇప్పుడు గుండె కవాటం మీద కూడా కనిపిస్తోంది."

"నువ్వు ల్యాబ్‌లో పదకొండేళ్ళ నుంచి సదువుతున్నది దీన్నేనా?" అని అడిగాడు.

"దీన్నే."

"అయితే నాకు బెంగెందుకు?" అన్నాడు.

జోగారావు రత్నానికి మేనత్త కొడుకే. పెళ్ళయి ముప్పై ఏళ్ళు. పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. పోటును బట్టి ఓడలు లోపలికి రావాలి కాబట్టి వాళ్ళింట్లో అన్నం వేళలు కూడా ఆటుపోట్ల పట్టికను బట్టి మారుతుండేవి. ఒకరోజు పదకొండింటికి తినేవారు, ఇంకోరోజు మూడింటికి. వేళాపాళా లేని తిళ్ళని ఆమె ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు. ఆయన ఆసుపత్రిలో చేరాక ఎప్పుడు కావాలంటే అప్పుడు తినే వీలు చిక్కింది. ఎప్పుడూ తినాలనిపించేది కాదు. ల్యాబ్ క్యాంటీన్‌లో ఇడ్లీ పొట్లం కట్టించుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఇంటికొచ్చాక విప్పడం మర్చిపోయేది.

ల్యాబ్ భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఆమె బృందం అక్కడ చేస్తున్న పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'పటం'. సూక్ష్మజీవి ఒంటరిగా దొరికితే దాన్ని చంపడానికి పాత మందులే చాలు. అవి కోట్ల కొద్దీ ఒకచోట చేరి, జిగురు కక్కుకుని, ఆ జిగురులో కాపురం పెట్టాక సంగతి మారిపోతుంది. పై వరస మందును ఆపుతుంది. లోపలి వరస నిద్రపోతుంది. నిద్రపోయేదాన్ని మందు చంపలేదు. మందు వెళ్ళిపోగానే అది లేచి మళ్ళీ ఇల్లు కట్టుకుంటుంది. ఏ ఒక్క జన్యువునో పట్టుకుని చూస్తే ఈ గుట్టు తెలియదు. అందుకే రత్నం బృందం అన్నింటినీ ఒకేసారి కొలవడం మొదలుపెట్టింది. ఏ గంటకు ఏ జన్యువు మేల్కొంటోంది, ఏ పొర ఏం తింటోంది, ఎవరు ఎవరికి ఏ రసాయనంతో కబురు పంపుతున్నారు, ఇవన్నీ. పదకొండేళ్ళ కొలతలను కంప్యూటర్‌లో అల్లి, 'ఇక్కడ తెంపితే ఏమవుతుంది?' అని అడిగితే జవాబు చెప్పేలా తయారుచేశారు.

ఆ అల్లిక పని చాలావరకు తస్లీమాది. కర్నూలు అమ్మాయి. ఇరవై తొమ్మిదేళ్ళు. ఐదేళ్ళుగా రత్నం పక్క కుర్చీలోనే కూర్చుంటోంది. పటం చెప్పిన మూడు చోట్ల వరసగా తెంపే మందు తయారైన రోజున గాజుపలక మీద దాన్ని మొదట వేసింది కూడా ఆమే. ఇద్దరూ చూస్తుండగానే, గంజిలో నీళ్ళు పోసినట్టు ఆ జిగురు పలచబడి కరిగిపోయింది. లోపల నిద్రపోతున్నవన్నీ బయటపడ్డాయి. అప్పుడు పాత మందు వేస్తే మామూలు సూక్ష్మజీవుల్లా చచ్చిపోయాయి. ఆ మందుకు తస్లీమా 'విడుపు' అని పేరు పెట్టింది.

కుందేళ్ళలో పనిచేసింది. బతికే దారి లేని ముగ్గురు రోగులకు ముందుగా ఇచ్చి చూడమని నిపుణుల సంఘం అనుమతి ఇచ్చింది. ముగ్గురూ ఆ మూడో అంతస్తు వాళ్ళే. జబ్బు ముదిరిన వరసలో పేర్లు రాశారు. మొదటి పేరు జోగారావు.

అనుమతి కాగితం వచ్చిన మర్నాడు పొద్దున్నే రత్నం పటాన్ని ఇంకో ప్రశ్న అడిగింది. ముగ్గురికి విడుపు ఇచ్చాక ఆ ఆసుపత్రిలో ఏమవుతుంది?

అంతవరకూ మందు పనిచేస్తుందా లేదా అనే అడిగారు గానీ, తర్వాత ఏమిటని ఎవరూ అడగలేదు. తస్లీమా ఆసుపత్రి సింకులు, కాలువలు, నీటిగొట్టాల కొలతలన్నీ చేర్చి పటాన్ని వెయ్యిసార్లు నడిపించింది. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. వెయ్యింటిలో తొమ్మిది వందల నలభై ఒక్కసార్లు, డెబ్బై రోజులు తిరక్కుండా, కాలువల్లోని సూక్ష్మజీవులు మందు తెంపే ఆ మూడూ కాక నాలుగో దారి కనిపెట్టుకున్నాయి. ముగ్గురి ఒంట్లోంచి వెళ్ళిన మందు కాస్త కాస్తగా తగులుతుంటే, ఏది ఎలా తప్పించుకుందో ఒకదానికొకటి జన్యువులు ఇచ్చుకుని నేర్చేసుకున్నాయి. ఆ తర్వాత విడుపు ఎవరికీ పనికిరాదు.

ఇంకో జవాబు కూడా వచ్చింది. రాష్ట్రంలోని అన్ని వార్డుల్లో, అన్ని కాలువల్లో, అదే పది రోజుల్లో ఒక్కసారిగా వేస్తే వాటికి నేర్చుకునే తీరిక, నేర్పే పొరుగు ఉండవు. వెయ్యింటిలో పదకొండుసార్లు మాత్రమే నాలుగో దారి పుట్టింది. కానీ అంత మందు తయారుకావాలంటే నాలుగు నెలలు పడుతుంది.

జోగారావుకు మహా అయితే రెండు నెలలన్నారు వైద్యులు.

"మేడమ్, పటం తప్పు కూడా కావచ్చు," అంది తస్లీమా. "ఇదివరకు రెండుసార్లు తప్పింది కదా."

"కావచ్చు. చేసి చూద్దాం."

మనుషులకివ్వదగ్గ మందు తయారై రావడానికి ఎలాగూ మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలూ ఆసుపత్రి కాలువ నీళ్ళను పన్నెండు గాజు గొట్టాల్లో పారించి, కొద్దికొద్దిగా విడుపు తగిలిస్తూ కూర్చున్నారు. గొట్టాలు తేటగా ఉన్నంతకాలం రత్నం ప్రాణం కుదుటగా ఉండేది. పదిహేనో రోజుకూ తేటగానే ఉన్నాయి. పంతొమ్మిదో రోజు పొద్దున తలుపు తీసేసరికి తస్లీమా గొట్టాల ముందు నిలబడి ఉంది. వెనక్కి తిరగలేదు.

"ఎన్ని?" అని అడిగింది రత్నం.

"తొమ్మిది."

తొమ్మిది గొట్టాల గోడలకు బూడిదరంగు పొర పట్టింది. రత్నం ఒక్కోదాన్నీ వెలుతురుకెత్తి చూసి, మళ్ళీ జాగ్రత్తగా స్టాండులో పెట్టింది. ఈ సంగతి తెలిసింది భూమ్మీద ఇద్దరికే. ఎల్లుండికి మందు వస్తుంది. నోరు మూసుకుంటే జోగారావు బతుకుతాడు.

రెండ్రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు తొడుగు వేసుకుని గాజు గదిలోకి వెళ్ళింది. ఆయన చిక్కిపోయాడు. మంచానికి పక్కగా కూర్చుని, ఏమీ దాచకుండా అంతా చెప్పింది.

జోగారావు పైకప్పు వైపు చూశాడు.

"నన్నడుగుతున్నావా? సెప్తున్నావా?"

"చెప్తున్నాను బావా."

"నాకు సెప్పకుండా ఇచ్చీసుంటే బాగుండును."

"అదే అనుకున్నాను. రెండ్రోజులూ అదే అనుకున్నాను."

"మరేటయింది?"

"నా వల్ల కాలేదు."

ఆయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. "ఇంక ఎల్లు," అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆయన ఫోను ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. రత్నం రెండురోజులూ ఆ అరగంటసేపూ స్టూలు మీద కూర్చుని, గాజులోంచి ఆయన మెడ వెనకభాగం చూసి ఇంటికెళ్ళింది. మెడమీద జుట్టు పెరిగి చొక్కా పట్టీ మీద పడుతోంది. ఇంట్లో ఉండగా ఆ జుట్టు ఆమే కత్తిరించేది.

మూడోరోజు ఫోను ఎత్తాడు.

"పక్క గదిలో ఒక ఆడగుంటుంది. రోహిణంట. కాన్పు ఆపరేషను కుట్లకి పట్టీసిందంట. మూడు నెలలై గోడకి అటూ ఇటూ పడుకుని ఉన్నాం, ఒకరి మొకం ఒకరు సూడనేదు. ఇంటికాడ పాప ఏడిస్తే ఈ గుంట ఫోన్లో జోకొడతాది. నాకినిపిస్తాది. ఆ గుంటకీ ఇవ్వవా?"

"ఇవ్వను. జాబితాలో రెండో పేరు ఆమెదే."

"నాలుగు నెల్లుంటాదా?"

"ఆమెకి గుండె దాకా పోలేదు. ఉంటే ఉండొచ్చు. తెలీదు."

"మూడోవోరు?"

"రిటైరైన మాస్టారు. ఉండరు బావా."

ఆయన ఫోను చెవి మార్చుకున్నాడు. "అయితే నాకు సెప్పినట్టే ఆల్లకీ నువ్వే సెప్పు. కాయితం రాసి పంపీకు. మొకం సూసి సెప్పు."

రత్నం ముందు నిపుణుల సంఘానికి చెప్పింది. తొమ్మిది గొట్టాలనూ బల్ల మీద పెట్టింది. సాయంత్రం దాకా వాదించుకున్నారు. చివరికి మందు అందరికీ ఒకేరోజున ఇవ్వాలని, అందాకా ఎవరికీ ఇవ్వకూడదని తీర్మానించారు. ఆమెతో చేయి కలపడానికి వచ్చినవాళ్ళు కూడా ఏమనాలో తెలియక వెనక్కి తగ్గారు.

తర్వాత ఆ రెండు కుటుంబాల దగ్గరికీ వెళ్ళింది. మాస్టారి కూతురు తలుపు దగ్గరే నిలబడి విని, లోపలికి రమ్మనకుండా తలుపేసింది. రోహిణి భర్త పైడిరాజు ఆటో నడుపుతాడు. అతను ఆసుపత్రి మెట్ల మీద అందరూ వినేలా అడిగాడు.

"మేడంగారూ, మీ ఆయనకి మాత్రం సాటుగా ఎక్కించరని నమ్మకమేటి?"

"మొదటి పేరు ఆయనదే బాబూ. ఆయనకీ ఇవ్వడం లేదు."

"సూస్తాం కదా," అన్నాడు.

నిజంగానే చూశాడు. రోజూ నాలుగింటికి వచ్చి, తన భార్య గది ముందు కూర్చోబోయే ముందు జోగారావు గదిలోకి తొంగిచూసేవాడు. కోలుకుంటున్నాడేమోనని. మొదటివారం అలా చూసినప్పుడల్లా అతని కళ్ళల్లో కసి ఉండేది. జోగారావు కూర్చోలేకపోయాడు. ఫోను పట్టుకోలేకపోయాడు. తర్వాత కళ్ళు తెరవడమే తగ్గిపోయింది. ఆ వారం పైడిరాజు తొంగిచూడడం మానేశాడు. ఒకరోజు స్టూలు తెచ్చుకుని రత్నం పక్కన వేసుకుని కూర్చున్నాడు. నాలుగున్నరకు లేచి వెళ్ళిపోయాడు.

సంఘం తీర్మానం చేసిన ముప్పై ఎనిమిదో రోజు పొద్దున పదకొండింటికి జోగారావు పోయాడు. ఆ చివరి గంట వైద్యులు రత్నాన్ని లోపలే ఉండనిచ్చారు. ఆయన ఒకసారి కళ్ళు తెరిచి, "సెయ్యి సల్లగుందేటే?" అన్నాడు.

"తొడుగు బావా. నా చెయ్యి కాదు."

"తీసీ," అన్నాడు.

తీస్తే ఆమెను కూడా ఇరవై రోజులు విడిగా పెడతారు. తీయొచ్చునా అని ఆమె గాజు అవతల నిలబడ్డ వైద్యుడి వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన కళ్ళు మూతపడి ఉన్నాయి. ఎవర్నీ అడగకుండా తీసేయాల్సిందని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

శవాన్ని ఇంటికివ్వలేదు. మూతవేసిన పెట్టెను ఆసుపత్రి బండిలోనే శ్మశానానికి తీసుకెళ్ళారు. టగ్గు మీద ఆయనతో పనిచేసిన ఐదుగురు గేటు దగ్గర టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

రత్నం నాలుగోరోజున ల్యాబ్‌కి వచ్చేసింది. ఇంట్లో చేసేదేమీ లేదు. ఫ్యాక్టరీలు, ట్యాంకర్లు, జాబితాలు, శిక్షణలు, ఇలా చెయ్యడానికి ల్యాబ్‌లో పని బోలెడుంది. మాస్టారు కూడా పోయారు. ఆయన కూతురికి ఉత్తరం రాసింది, జవాబు రాలేదు.

అనుకున్న రోజు వచ్చింది. రాష్ట్రమంతా పొద్దున ఆరింటికి ఒకేసారి మొదలుపెట్టారు. మంచాల మీదివాళ్ళకు సెలైన్‌లో ఎక్కించారు. సింకుల్లో, కాలువల్లో, నీటిగొట్టాల్లో పోశారు. పది రోజులు. అప్పటికి రోహిణి ఎముకల గూడై ఉంది గానీ ప్రాణంతో ఉంది. పద్నాలుగోరోజు ఆమె తన కాళ్ళ మీద నడిచి గాజు తలుపు దాటింది. ఎనిమిది నెలలు నిండిన బిడ్డ తల్లిని గుర్తుపట్టక గుక్కపట్టి ఏడిచింది. పైడిరాజు రత్నం కోసం చుట్టూ చూశాడు. ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది.

డెబ్బయ్యో రోజు వచ్చింది, వెళ్ళింది. తొంభయ్యో రోజు కూడా. నాలుగో దారి ఎక్కడా కనబడలేదు. గాజు గదులు ఖాళీ అయ్యాయి. పత్రికల్లో ఫొటోలు వేశారు. ఆ ఫొటోల్లో రత్నం కెమెరా వైపు కాక పక్కకు చూస్తూ ఉంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు తస్లీమాకు బెంగళూరులో మంచి ఉద్యోగం వచ్చింది. చివరిరోజు బల్ల ఖాళీ చేసి, అట్టపెట్టె కట్టేసుకుని, సెలవు తీసుకోవడానికి రత్నం గదిలోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, వెళ్ళేముందు ఒకటి చెప్పాలి. చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నాను. కుదరడం లేదు."

"చెప్పమ్మా."

"ముగ్గురికిస్తే ఏమవుతుందని మీరు అడిగారు. రాష్ట్రమంతా ఇస్తే ఏమవుతుందని అడిగారు. ఒక్కరికే ఇస్తే ఏమవుతుందని అడగలేదు."

రత్నం కళ్ళు దించుకుంది. ఆ ప్రశ్న తట్టక కాదు. ఒక్కరికి అని అడిగితే ఆ ఒక్కరూ ఎవరో తనకు ముందే తెలుసు. మిగిలిన ఇద్దరి మొహాలూ చూడాలి. అందుకే ఆ ప్రశ్న దగ్గరికి తాను వెళ్ళలేదు.

"నేను అడిగాను," అంది తస్లీమా. "గొట్టాల్లో పొర కనబడిన రోజే. గది మూసి, ఆయన వాడిన నీళ్ళన్నీ విడిగా పట్టి కాల్చేస్తే అని కూడా చేర్చాను."

"ఎంత?"

"మేడమ్..."

"ఎంత వచ్చింది?"

"వెయ్యింటిలో రెండు వందల అరవై ఎనిమిదిసార్లు నాలుగో దారి పుట్టి పాకింది. మిగతా ఏడు వందల ముప్పై రెండుసార్లు ఏమీ కాలేదు."

కిటికీలోంచి సముద్రపు గాలి వచ్చి బల్లమీది కాగితాలు లేచాయి. రత్నం వాటిమీద అరచెయ్యి ఆనించి పట్టుకుంది.

"అప్పుడే చెప్పి ఉంటే నేను ఇచ్చేసేదాన్ని," అంది.

"తెలుసు మేడమ్. అందుకే చెప్పలేదు."

రత్నానికి కోపం వచ్చింది. లేచి ఆ పిల్ల చెంప మీద కొట్టాలన్నంత కోపం. ఎదురుగా నిలబడ్డ తస్లీమాను చూసింది. అమ్మాయి బుగ్గలు లోపలికి పోయాయి. ఇన్ని నెలలుగా పక్క కుర్చీలోనే ఉన్నా ఆ సంగతి తన కంట పడనేలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు. రోహిణి ఇంటికెళ్ళిన రోజు సంతోషపడాలనుకున్నాను. పడలేకపోయాను."

నువ్వు చేసింది తప్పని రత్నం అనలేకపోయింది. ఫరవాలేదని కూడా అనలేకపోయింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అట్టపెట్టెకు ఒకవైపు తాను పట్టుకుని, "పద, బండి వేళవుతోంది," అంది. ఇద్దరూ పెట్టెను చెరోవైపు పట్టుకుని మెట్లు దిగారు. రైల్వే స్టేషన్ దాకా ఆటోలో ఒకరినొకరు ఏమీ అడగలేదు. రైలు కదిలాక తస్లీమా తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఎత్తింది. రత్నం కూడా ఎత్తింది.

ఇంటికొచ్చి తాళం తీసింది. సాయంత్రపు ఎండ ఇంకా హాల్లో పరుచుకుని ఉంది. కుర్చీలో కూర్చుని, ఎవరూ వినని ఆ గదిలో పైకే అంది:

"బావా, వెయ్యింటిలో ఏడు వందల ముప్పై రెండట."

జోగారావు ఏ మాటకు ఏమంటాడో ఆమెకు ఎప్పుడూ ముందే తెలిసేది. తిడతాడో, నవ్వుతాడో, గోడవైపు తిరుగుతాడో తెలిసేది. ఆయన మాట వినిపిస్తుందేమోనని ఎండ హాలు దాటి వెళ్ళేదాకా కూర్చుంది. ఈ ఒక్కమాటకు ఆయన ఏమనేవాడో ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు.